బాగున్న రోడ్డుకే సీల్ కోట్
ఖరగ్‌పూర్ కాలనీ వీధుల నిర్వహణపై ఒక పరిశీలన

ఖరగ్‌పూర్ అనగానే తెలుగువారికి మొదట తలపునకు వచ్చేది రైల్వే స్టేషను. 1072 మీటర్ల పైచిలుకు నిడివి గల అక్కడి ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని మన తరం వారు చిన్ననాడు చదువుకున్నారు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ ఘనతను తీసుకుపోయాయి. స్టేషను దాటి ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, మథురాకాఠీ, నింపురా వైపు వెళితే మరొక ఖరగ్‌పూర్ కనిపిస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి పొట్ట చేత పట్టుకొని వచ్చి, వర్క్‌షాపులోను ట్రాఫిక్‌లోను కుదురుకున్న కుటుంబాల వారసులు తెలుగు, బెంగాలీ, హిందీ కలగలిపి మాట్లాడుకుంటూ ఎదురవుతారు. వారి క్వార్టర్ల మధ్య అల్లుకున్న వీధులే ఈ వ్యాసానికి విషయం.

జాతీయ రహదారుల గురించి పత్రికలు పుటలకు పుటలు వ్రాస్తాయి. కాలనీ వీధి గురించి వ్రాసేవారు అరుదు. అయితే తెల్లవారుజామున పాలకు వెళ్ళే ఇల్లాలికి, మొదటి షిఫ్టుకు సైకిలు తొక్కే కార్మికునికి, చేతికర్రతో సాయంకాలపు నడకకు బయలుదేరే పెద్దాయనకు రహదారికన్నా ఇంటి ముందరి వీధే ముఖ్యం. ఒక గుంతలో కాలు మడతపడితే ఆ పెద్దాయన మరి మూడు నెలలు మంచం దిగకపోవచ్చు. ఇటువంటి వీధి చెడిపోకుండా కాపాడుకునే ఉపాయాలలో చౌకైనది సీల్ కోట్. తప్పు వీధికి, తప్పు వేళలో వేస్తే అంతకన్నా దండుగ ఖర్చు కూడా మరొకటి లేదు.

తారు ముసలిదయ్యే విధం

మనం తారు రోడ్డు అంటున్నాం గాని నేడు రోడ్లకు వాడేది నిజానికి బిటుమెన్. తారు అనేది బొగ్గును కోక్ ఓవెన్లలో కాచినప్పుడు వచ్చే ఉపఉత్పత్తి. బిటుమెన్ ముడిచమురును శుద్ధి చేయగా అడుగున మిగిలే పదార్థం. ఖరగ్‌పూర్‌కు అనతిదూరంలో ఉన్న హల్దియాలో 1975లో ప్రారంభమైన చమురు శుద్ధి కర్మాగారం దానిని తయారు చేస్తుంది. వాడుకలో పాతుకుపోయిన మాటను ఇప్పుడు మార్చలేము కనుక ఇక్కడ తారు అన్నచోట బిటుమెన్ అనే గ్రహించగలరు. ఈ రెండింటి భేదం ప్రాణాంతకమైన సందర్భం ఒకటి ఉంది. దానిని తగిన చోట ప్రస్తావిస్తాను.

కొత్తగా వేసిన తారు నల్లగా, మెత్తగా, సాగే గుణంతో ఉంటుంది. ఎండకు, గాలిలోని ఆమ్లజనికి అది క్రమంగా గట్టిపడుతుంది. నలుపు పోయి బూడిదరంగుకు తిరుగుతుంది. సాగే గుణం పోయి పెళుసుబారుతుంది. అప్పుడు పైపొరలోని చిన్న కంకర ఒక్కొక్కటిగా ఊడిపోనారంభిస్తుంది. ఉదయం వాకిలి ఊడ్చేటప్పుడు చీపురుకు కంకర తగులుతోందని ఇల్లాలు చెప్పిందంటే రోడ్డు ముదిమి మొదలైందని ఇంజనీరు అర్థం చేసుకోవాలి. ఆమె మాటకు మించిన పరికరం మా దగ్గరా లేదు.

మన కాలనీలలో సాధారణంగా వేసేది 20 మిల్లీమీటర్ల మందం గల ప్రీమిక్స్ కార్పెట్. అది చూడడానికి చిక్కగా ఉన్నా లోపల సందులమయం. మేదినీపూర్ వారు మురీ అనే మరమరాలతో, బెల్లం పాకంతో చేసిన ఉండను ఊహించుకోండి. మరమరాలు కంకర, పాకం తారు. ఉండ గట్టిగానే ఉంటుంది గాని, దానిపై నీళ్ళు పోస్తే నిలుస్తాయా? కార్పెట్ మీద పడిన వాన కూడా అంతే సులభంగా లోపలికి దిగుతుంది. ఆ పైన ఒక ప్రకృతి ధర్మం మనకు ప్రతికూలంగా పనిచేస్తుంది. రాయికి తారుతో కన్నా నీటితో చుట్టరికం ఎక్కువ. అవకాశం దొరికితే నీరు తారును పక్కకు నెట్టి రాతిని తానే అంటుకుంటుంది. తెల్లని క్వార్ట్జ్ జాతి రాళ్ళలో ఈ గుణం అధికం. బెంగాల్‌లో రోడ్డు పనులకు పాకుర్ నల్లరాయిని కోరి తెప్పించుకోవడానికి గల కారణాలలో ఇదొకటి. రాజ్‌మహల్ కొండల ఆ బసాల్టు తారును గట్టిగా పట్టుకుంటుంది.

కార్పెట్ దాటి దిగిన నీరు చేరేది అడుగునున్న మోరం పొరకు. ఖరగ్‌పూర్ నేల లాటరైటు. ఎర్రని మోరం అక్కడ సమృద్ధి. పొడిగా ఉన్నంతవరకు అది ఇనుములా ఉంటుంది. దానిలో బంకమట్టి పాలు ఎక్కువగా ఉండి, నీరు నిలిచిందంటే మాత్రం పట్టు సడలుతుంది. అప్పుడు పైన ఒక గ్యాస్ సిలిండర్ల బండి వెళ్ళినా కార్పెట్ కుంగుతుంది, మొసలి చర్మంలా చదరాలు చదరాలుగా పగులుతుంది. ఆ తరువాత గుంత పడడానికి ఒక్క వానకాలం చాలు.

సీల్ కోట్ ఏమి చేస్తుంది, ఏమి చేయదు

సీల్ కోట్ ఆ సందులను మూసే పలుచని పూత. దీనిలో రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది తారును పిచికారీ చేసి, దానిపై సన్నని చిప్స్ పరచి రోలరుతో నొక్కేది. రెండవది సన్నని ఇసుకను లేదా రాతి పొడిని తారుతో ముందుగానే కలిపి పరిచేది. ఏడాదికి 150 సెంటీమీటర్లకు మించి వర్షం పడే చోట మొదటిది, తక్కువ పడే చోట రెండవది ఎంచుకోవడం ఆనవాయితీ. పశ్చిమ మేదినీపూర్ వర్షపాతం సరిగ్గా ఆ గీతకు అటూ ఇటూగా ఉంటుంది. కావున ఇక్కడ నిర్ణయం ఇంజనీరు విచక్షణకే వదిలినట్లయింది. బస్సులు, లారీలు తిరిగే ప్రధాన వీధులకు మొదటి రకం, పిల్లలు సైకిలు నేర్చుకునే లోపలి వీధులకు రెండవ రకం మేలని నా అభిప్రాయం. ఊడిన చిప్స్ మీద సైకిలు జారి మోకాళ్ళు కొట్టుకుపోయిన పిల్లవాని తల్లికి సాంకేతిక నిబంధనలు వినిపించడం కష్టం.

సీల్ కోట్ బలాన్నిచ్చే పొర కాదు. ఖరగ్‌పూర్‌లోనే, హిజ్లీలో 1951లో ఆవిర్భవించిన ఐ.ఐ.టి.లో రూపొందిన ఐ.ఐ.టి.పేవ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామును నేడు దేశమంతటా రోడ్ల మందాన్ని నిర్ణయించడానికి వాడుతున్నారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ తన 37వ నంబరు మార్గదర్శకాల 2012 నాటి కూర్పులో దానిని చేర్చింది. బరువు పడినప్పుడు రోడ్డు లోపలి పొరలు ఎంత సాగుతాయో, ఎంత నలుగుతాయో అది లెక్క కడుతుంది. ఆ లెక్కలో సీల్ కోట్‌కు బలమిచ్చే పొరగా చోటు లేదు. అది గొడుగు వంటిది. తడవకుండా కాపాడుతుందే గాని నడుము నొప్పి తగ్గించదు.

ఏ వీధికి ముందు?

కాలనీ సమావేశాలు వేడెక్కేది ఈ ప్రశ్న దగ్గరే. ఉదాహరణకు మూడు వీధులున్నాయనుకుందాం. మొదటిది మూడేళ్ళ క్రితం వేసినది. కాస్త బూడిదరంగు తిరిగింది, పగుళ్ళు లేవు. రెండవదానిలో అక్కడక్కడ సన్నని చీలికలు, చేతివేళ్ళపై లెక్కించదగిన గుంతలు ఉన్నాయి. మూడవది మోకాలి లోతు గుంతలతో నరకప్రాయంగా ఉంది. ఉన్న డబ్బు సీల్ కోట్‌కు మాత్రమే సరిపోతుంది. ఎవరికి వేయాలి?

మూడవ వీధివారు ముందుగా చేయి ఎత్తుతారు. వారి బాధ నిజమైనది. అయినా ఆ పూత వారి వీధికి వేయరాదు. అడుగు కుళ్ళిన రోడ్డుపై పూసిన తారు ఒక్క వర్షాకాలం కూడా నిలువదు. తొలి వానలకే పూత, దాని కింది కార్పెట్, దానికై వెచ్చించిన సొమ్ము కలిసికట్టుగా గుంతలో చేరతాయి. పూత దక్కవలసినది మొదటి వీధికి. గుంతలను చతురస్రంగా కోసి, అడుగు నుండి పూడ్చి, చీలికలను నింపిన తరువాత రెండవ వీధికి. మూడవదానికి కావలసినది పునర్నిర్మాణం. దానికి వేరే పద్దు, వేరే మంజూరు అవసరం.

బాగున్న రోడ్డుకు పూత వేసి చెడిన రోడ్డును వదలివేయడం చూసేవారికి అన్యాయంగా తోస్తుంది. పై అధికారుల వీధులకే నలుపు పూస్తారన్న మాట ఏ కాలనీలో వినపడదు? ఒక్కొక్కసారి ఆ మాటలో నిజం కూడా ఉంటుంది. కావుననే ఎంపికకు ఆధారమైన పరిశీలనను వ్రాతపూర్వకంగా నోటీసు బోర్డుపై పెట్టడం అవసరం. రైల్వే కాలనీలలో కాలనీ కేర్ కమిటీలున్నాయి. మన సంస్థ టౌన్‌షిప్‌లలోను అటువంటి సంఘాలున్నాయి. వారిని వెంట తీసుకొని వీధి వీధీ నడిచి, ఏ వీధి ఏ స్థితిలో ఉందో వారి ఎదుటనే నమోదు చేయాలి. మూడవ వీధికి ఏ సంవత్సరంలో పునర్నిర్మాణం ప్రతిపాదించారో ఆ కాగితంలోనే వ్రాయాలి. అది వ్రాయలేని ఇంజనీరుకు మొదటి వీధికి పూత వేసే నైతిక హక్కు లేదని నేను భావిస్తాను.

పూతకు ముందు నీరు

ఈ నడకకు సరైన కాలం ఎండాకాలం కాదు, జూలై, ఆగస్టు నెలలు. వాన వెలిసిన అరగంటకు వీధిలోకి వెళితే రోడ్డు తన జాతకాన్ని తానే చెబుతుంది. నీరు ఎక్కడ నిలిచింది? పక్క కాలువలోకి పోవలసిన నీటిని గడ్డి మొలిచిన బెర్ము ఎక్కడ అడ్డగిస్తున్నది? ఏ క్వార్టరు స్నానాలగది నీరు గొట్టం పగిలి రోడ్డుమీదికి పారుతున్నది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరకనిదే తారు పీపాను కదిలించరాదు. వానపడే ప్రాంతంలో తారు వీధికి మధ్యనుండి అంచుకు నూటికి రెండున్నర వంతు వాలు ఉండాలి. మూడు మీటర్ల వీధిలో అంచుకన్నా నడుమ సుమారు 37 మిల్లీమీటర్లు ఎత్తుండాలి. రెండు అంచుల మీద సమాన ఎత్తులో బిగుతుగా దారం పట్టి ఏ గృహస్థుడైనా దీనిని చూసుకోవచ్చు.

పాత కాలనీలలో మరొక చిక్కు ఉంది. ప్రతిసారీ పాత పొరపైనే కొత్త కార్పెట్ వేస్తూపోతే వీధి అంగుళం అంగుళంగా లేస్తుంది. క్వార్టరు అరుగు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. ఒకనాడు రెండు మెట్లు ఎక్కి వెళ్ళిన ఇంటిలోకి నేడు వాననీరు మెట్టు ఎక్కకుండానే వస్తుంది. సకాలంలో వేసే సీల్ కోట్ మందం కొద్ది మిల్లీమీటర్లే కనుక, కార్పెట్ అవసరాన్ని వెనుకకు నెట్టి ఈ బెడదను కూడా తగ్గిస్తుంది.

తవ్వకాల సంగతి సరేసరి. నీటి గొట్టాలవారు, విద్యుత్ కేబుళ్ళవారు, టెలిఫోన్లవారు తమ పనులను రోడ్డు పూర్తి అయ్యేదాకా ఎందుకో దాచుకుంటారు. నేను ఎరిగిన ఒక కాలనీలో పూత ఆరిన పదునేడవ రోజున దానిని అడ్డంగా కోశారు. సెప్టెంబరులోనే ఈ విభాగాలన్నింటికీ లేఖలు వ్రాసి, తవ్వవలసినదంతా నవంబరులోపు తవ్వుకొమ్మని, పూడ్చేటప్పుడు ఒక్కసారిగా మట్టి నింపక పొరలు పొరలుగా దిమ్మిస వేయించమని కోరాలి.

పంచాంగం

ఖరగ్‌పూర్‌లో నైరుతి వానలు సాధారణంగా జూన్ రెండవ వారం నాటికి వచ్చి అక్టోబరు నడిమి వరకు ఉంటాయి. అప్పటికి దుర్గాపూజ, కాళీపూజల సందడి. పందిళ్ళ కోసం రోడ్డులోనే గునపంతో పొడిచి వెదురు రాటలు పాతుతారు. పండుగ తరువాత రాటలు పోతాయి, రంధ్రాలు మిగులుతాయి. ప్రతి రంధ్రమూ మోరం దాకా తెరచిన నీటి ద్వారమే. పూజలు జరగనివ్వండి, రాటలను ఇసుక నింపిన డబ్బాలలో నిలిపితే అమ్మవారికి అభ్యంతరం ఉండదు. మన తెలుగువారు వేసవి ముందు చేసే మాత పూజల పందిళ్ళకు కూడా ఇదే మనవి.

రంధ్రాలు, గుంతలు పూడ్చడానికి నవంబరు, డిసెంబరు నెలలు చాలు. పూతకు జనవరి చివరి నుండి మార్చి చివరి వరకు ఉత్తమం. నీడలో ఉష్ణోగ్రత 10 డిగ్రీలకన్నా తక్కువగా ఉన్నా, రోడ్డుపై తడి ఉన్నా, పొగమంచు ఉన్నా పని ఆపవలసిందే. అందుచేత చలికాలపు ఉదయాలలో మంచు ఆరే దాకా రోలరు కదలరాదు. ఏప్రిల్ వచ్చిందంటే కాలబైశాఖి భయం. మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగిన ఆకాశం సాయంకాలానికి నల్లబడి, ధూళితోను వానతోను విరుచుకుపడుతుంది. అప్పుడే పిచికారీ చేసిన తారుపై ఆ ధూళి పడితే చిప్స్ పట్టవు. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది గనుక చివరి వారంలో హడావిడిగా రాత్రిళ్ళు పూతలు వేయడం అంతటా ఉన్న అలవాటే. టెండరు ఆగస్టులో మొదలైతే ఆ హడావిడి రాదు.

పదార్థాల లెక్క ఏమంత కష్టం కాదు. కేంద్ర రహదారుల మంత్రిత్వశాఖ నిర్దేశాల ప్రకారం ప్రతి 10 చదరపు మీటర్లకు చిప్స్ రకానికి 9.8 కిలోల తారు, 0.09 ఘనపు మీటర్ల చిప్స్. ఇసుక రకానికి 6.8 కిలోల తారు, 0.06 ఘనపు మీటర్ల ఇసుక కావాలి. 300 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల వీధి 900 చదరపు మీటర్లు. ఇసుక రకం పూతకు 612 కిలోల తారు పడుతుంది. అనగా ఇంచుమించు నాలుగు పీపాలు. చిప్స్ రకానికైతే 882 కిలోలు. ఈ అంకెలను కమిటీ సభ్యులకు తెలియజేస్తే పీపాలను లెక్కించేవారు తామంతట తామే తయారవుతారు. అంతకన్నా చౌకైన తనిఖీ లేదు.

పని జరిగే రోజు

వీధి అంతటినీ ఒక్కసారి మూయరాదు. సగం వెడల్పు, లేదా ఒక కొస నుండి మరొక కొసకు భాగాలుగా చేయాలి. ఏ ఇంటివారు ఏ రోజు స్కూటరును బయట ఉంచుకోవాలో రెండు రోజుల ముందే తెలియాలి. వైద్యుని అవసరం ఉన్న ఇళ్ళు, నెలలు నిండిన గర్భిణులున్న ఇళ్ళు కమిటీవారికి తెలుసు. ఆ ఇళ్ళ వైపు దారి ఎల్లవేళలా తెరచి ఉండాలి. ఆ ఉదయం వాకిట కళ్ళాపి చల్లకపోవడం ఇల్లాళ్ళు చేయగలిగిన పెద్ద సహాయం.

కాగుతున్న తారు ఉష్ణోగ్రత 150 డిగ్రీల పైమాట. చర్మంపై పడితే అంటుకొని వదలదు. దానిని పెరికే ప్రయత్నం చేయక, వెంటనే చల్లని నీరు ధారగా పోసి, ఆసుపత్రికి తరలించాలి. పిల్లలను ఆ ఛాయలకు రానివ్వరాదు. పనివారికి బూట్లు, చేతి తొడుగులు ఇవ్వని గుత్తేదారుని పని మొదలుపెట్టనివ్వరాదు. వారిలో చాలామంది మన పిల్లల వయసువారే. వీలైనచోట్ల బిటుమెన్ ఎమల్షన్ వాడడం ఇంకా మేలు. అది తారును నీటిలో సూక్ష్మకణాలుగా కలిపినది. కట్టెలు, పొగ, మంట ఇంత ఉండవు. అయితే అందులో దాదాపు మూడవ వంతు నీరు కనుక పరిమాణాన్ని ఆ మేరకు లెక్కించుకోవాలి.

అమెరికాలో పిల్లలున్నవారు సీల్‌కోటింగ్ అన్న మాట ఫోనులో వినే ఉంటారు. అక్కడి గృహయజమానుల సంఘాలు రోడ్లకు, కారు నిలిపే స్థలాలకు కొన్నేళ్ళకొకసారి పలుచని నల్లని ద్రవాన్ని పూయిస్తాయి. అందులో మన పూతలా చిప్స్ పరచి నొక్కడం ఉండదు. అక్కడినుండి నేర్చుకోదగిన మంచి ఒకటి, మెలకువ ఒకటి ఉన్నాయి. మంచి ఏమనగా, ముందుచూపు నిధి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం సంఘాలు తమ ఉమ్మడి ఆస్తులను కనీసం మూడేళ్ళకొకసారి పరిశీలించి, ఎంత సొమ్ము నిలువ ఉండాలో లెక్క కట్టాలి. పదవీ విరమణ అనంతరం అపార్టుమెంట్లలో స్థిరపడిన మనవారు దీనిని అనుకరించవచ్చు. మెలకువ ఏమనగా, నేను మొదట చెప్పిన తారు, బిటుమెన్ల భేదం. అక్కడి పూతలలో కొన్నింటిని బొగ్గు తారుతో చేసేవారు. దానిలో క్యాన్సరు కారకాలైన పదార్థాలు బిటుమెన్‌లోకన్నా అనేక రెట్లు ఎక్కువ. అవి అరిగి ధూళిగా ఇళ్ళలోకి, వాననీటితో చెరువుల్లోకి చేరుతున్నాయని పరిశోధకులు గుర్తించారు. టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరం 2006లో, వాషింగ్టన్ రాష్ట్రం 2011లో వాటిని నిషేధించాయి. ఎవరైనా గుత్తేదారు చౌకగా దొరికిందని బొగ్గు తారును తెస్తే, పిల్లలు ఆడుకునే వీధిలోకి దానిని రానివ్వరాదు. పీపాపై ముద్రను, కంపెనీ ఇచ్చే పరీక్షాపత్రాన్ని చూపమని అడగవచ్చు.

పూత వేసిన మొదటి రోజు వాహనాలు మెల్లగా నడవాలి. ఊడిన చిప్స్‌ను మరునాడు ఊడ్పించి కుప్పగా దాచుకుంటే తరువాత గుంతలకు పనికివస్తాయి. ఎండకు తారు పైకి ఉబికి మెరిసే చోట సన్నని ఇసుక చల్లాలి. లేకుంటే వానలో అదే జారుడుబండ అవుతుంది. పూత అయిన తేదీ, రకం, వాడిన పీపాల సంఖ్య, గుత్తేదారు పూచీ కాలం ఇవన్నీ వీధికొక పుట చొప్పున ఒక రిజిస్టరులో ఎక్కించాలి. సెక్షన్ ఇంజనీర్లు బదిలీలపై పోతూ వస్తూ ఉంటారు. పాతవారు నేటికీ ఐ.ఓ.డబ్ల్యు. ఆఫీసు అని పిలిచే ఆ గదిలో రిజిస్టరు ఒకటి, కమిటీ కార్యదర్శి ఇంటిలో దాని నకలు ఒకటి ఉంటే, జూలైలో మళ్ళీ నడకకు బయలుదేరినప్పుడు ఏ వీధి గుమ్మం ముందు ఆగాలో ముందుగానే తెలుస్తుంది.